వేడెక్కని డబ్బా

"చెయ్యి పెట్టి సూడుండ్రి సార్, కాలదు," అంది ఫరహత్.

షెడ్డు ఓనరు యాదగిరి డబ్బా మీద అరచెయ్యి ఆనించాడు. ఫరహత్ తయారుచేసిన, టిఫిన్ గిన్నెంత కరెంటు డబ్బా. నలభై ఎనిమిది వోల్టులను పన్నెండుకు దించి వంద ఆంపియర్లు ఇస్తోంది. పొద్దుటి నుంచి నడుస్తున్నా గోరువెచ్చగానే ఉంది.

"షాబాష్ బిడ్డా! ఇగ పటాన్‌చెరుల మనల్ని మించినోడు లేడు."

"ఇది చల్లగ నడిస్తె నన్ను పంపిస్త అన్నరు గద సార్. సోమవారం బొల్లారం కంపెనీల కొత్త నౌకరికి చేరాలె."

"ఇప్పుడెట్ల పంపుత? ఐదొందల డబ్బాలకు మాటిచ్చిన. ఒక్కటి కాలినా విప్పి సూసేదెవరు? నీకు తప్ప ఎవరికెరుక? పరేషాన్ గాకు, నీ సర్టిఫికెట్లు నా బీరువాల భద్రంగనే ఉన్నయి."

నవ్వుకుంటూ ఫోన్ ఎత్తి బయటికి నడిచాడు.

డబ్బా కాలిపోయి ఉంటే ఆయనే తనను పంపేసేవాడని ఫరహత్‌కు అప్పుడు తట్టింది.

ఆమె డబ్బాను పక్క బల్ల వైపు జరిపింది. అక్కడ పుష్ప టంకం వేస్తోంది.

"రా పుష్పా, దీని పని మొత్తం నేర్పిస్త. నీకు జల్దీ వచ్చేస్తది."

పుష్ప రెండు చేతులూ ఒళ్లోకి తీసుకుంది.

"నాకొద్దక్కా. నేర్చుకుంటె నన్ను గూడ పోనియ్యడు."