కావాలని చేసిన తప్పు

బుచ్చయ్యకు ఊపిరి ఆడటం లేదు. మంచం చుట్టూ నలుగురు నర్సింగ్ విద్యార్థినులు. అద్దానికి అవతల ఆసుపత్రి పెద్దలు, ఒక ఫొటోగ్రాఫరు.

బుచ్చయ్య మనిషి కాదు, రబ్బరు బొమ్మ. నాడి కొట్టుకుంటుంది, మూలుగుతుంది, కళ్లు కూడా తిప్పుతుంది. పంజాగుట్టలోని ఆ పెద్దాసుపత్రిలో ఏసీ సరిగ్గా పనిచేసే గది దానికే ఇచ్చారు. అసలు రోగులు వరండాలో ఎక్స్‌రే కవర్లతో విసురుకుంటున్నారు.

ఆనాటి శిక్షణ పేరు 'డాక్టరునైనా ఆపండి'. డాక్టర్ భానుచందర్ కావాలని ఒక తప్పు చేస్తాడు. ఆ తప్పేమిటో ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు, ఏర్పాట్లు చూసే ప్రమోద మేడంకు కూడా. దాన్ని పట్టుకుని ఆయన్ని ఆపిన పిల్ల పాసైనట్టు.

ఆ నలుగురిలో బతూల్ ఒకతె. పోయిన నెల వార్డులో నిజమైన రోగి దగ్గర ఇదే డాక్టరును, "సర్, ఈ మందు ఒక్కసారి చూస్తరా?" అని అడిగింది. పొగరుబోతు అని ముద్ర వేసి వార్డులోంచి తీసేశారు. ఇవాళ పాసైతేనే మళ్లీ వార్డు. లేదంటే చదువు మానేసి మాసబ్ ట్యాంక్‌లో అమ్మ పక్కన కుట్టుమిషన్ ముందు కూర్చోవడమే. అక్కడ అడిగితే పొగరు, ఇక్కడ అడగకపోతే ఫెయిలు. పెద్దాసుపత్రి న్యాయం అట్లాగే ఉంటుంది మరి!

భానుచందర్ దర్జాగా వచ్చి బొమ్మ ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించాడు.

"న్యుమోనియా. అనుపమా, పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇయ్యి."

తోటి విద్యార్థిని అనుపమ సిరంజి అందుకుంది.

బతూల్ చూపు బొమ్మ చేతికున్న ఎర్ర పట్టీ మీద పడింది. పెన్సిలిన్ పడనివాళ్లకు కట్టే పట్టీ అది.

"సర్, జర ఆగుండ్రి. పేషెంటుకు పెన్సిలిన్ పడదు."

"నాకే చెప్తున్నవా? నీ ఉమ్మర్ కన్న నా సర్వీసు ఎక్కువ. అనుపమా, నువ్వియ్యి!"

బతూల్ అనుపమ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇయ్యొద్దు సర్. ఇస్తే సచ్చిపోతడు."

డాక్టరు ముఖం కందగడ్డయింది.

అద్దం అవతల చప్పట్లు మోగాయి. ప్రమోద మేడం పరుగున లోపలికి వచ్చింది.

"ఏం యాక్టింగ్ సర్! ఆ కోపం సుత అచ్చం నిజం లెక్కనే ఉండె. బతూల్, పాసైనవ్ బిడ్డా! రేపటిసంది వార్డుకు రా."

బతూల్ ఏడ్చేసింది. వెంటనే శాలువా తెచ్చి కప్పారు, డాక్టరుకు. చిన్నవాళ్లు చెప్పినా వినే ఆయన వినయం గురించి ఒక పెద్దాయన మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడాడు.

ఫొటోలయ్యాక భానుచందర్ ప్రమోద మేడంను పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు: "ఔ గని మేడం, నేను కావాలని చేద్దామనుకున్న తప్పు ఇన్సులిన్ దగ్గర ఉండె, ఇంకా ఆడిదాంక రానేలేదు, గప్పుడే చప్పట్లెందుకు కొట్టిన్రు?"