నా రక్తంల లేదు

"మా తాతల కాడి నుంచి జూస్కో. మా రక్తంల అసొంటోళ్లు ఒక్కలు లేరు. అంతా దాని పెంపకం" అన్నాడు రాజేశం, ఫోన్‌లోని ఫొటో చూపిస్తూ.

సౌదీలోని జిజాన్ లేబర్ క్యాంపులో ఆ ఫొటో చూడనివాళ్లు లేరు. మూడేళ్లు నిండని బిడ్డ. లంగా, జాకెట్టు, పూలజడ, కళ్ల నిండా కాటుక. పుట్టెంట్రుకలు తీయించే ముందు మగపిల్లాడికి ఒక్కసారి జడ వేసి ఫొటో తీయించుకోవడం మన ఇళ్లలో మామూలు ముచ్చటే. రాజేశానికి మాత్రం అది భార్య చేసిన నేరానికి రుజువు.

ఊళ్లో పాత పెట్టె సర్దుతుంటే చెల్లెలు భాగ్యలక్ష్మికి దొరికింది. "వదిన నిర్వాకం జూడన్నా" అని ఫోన్‌తో తీసి పంపింది. మసక ఫొటోయే అయినా ముక్కు అదే, గడ్డం మీద సొట్ట అదే. తండ్రి పోలిక ఉట్టిపడుతోంది. కొడుకు కుమారే, సందేహం లేదు. వాడి పుట్టెంట్రుకల నాడు రాజేశం ఇక్కడ ఎవరివో గోడలు కడుతున్నాడు. వాడి పెంపకం అతను చూసింది రెండేళ్లకోసారి, రెండేసి నెలలు.

"నేను జడ ఎయ్యలే, ఫొటో తియ్యలే. నీ కాళ్లు మొక్కుత, నమ్ము" అని భార్య జయ ఫోన్‌లో ఏడ్చింది. నమ్మలేదు. చెల్లెలికి చెప్పి ఆమెను ఇంట్లోంచి వెళ్లగొట్టించాడు.

ఇంతకీ కొడుకు చేసిన పాపం ఏమిటంటే, ఇరవై ఒకటో ఏట నోరు తెరిచి నిజం చెప్పడం.

"బాపూ, నేను ఆడిపిల్లను. నా పేరు సృజన."

రాజేశం కోపం మింగి, మెత్తగా మాట్లాడాడు. "ఆర్నెల్లు నా కాడ పనిజెయ్. మొగోనివైతవు. గాకుంటె నీ ఇష్టం, నేనడ్డం రాను."

వీసా తీసి రప్పించాడు. సృజన నమ్మి వచ్చింది. కన్నతండ్రి మాట కదా మరి.

దిగిన రోజే గుండు గీయించాడు. మర్నాటి నుంచి సిమెంటు బస్తాలు మోయించాడు. నాలుగు నెలలకు ఆమె భుజాలు తిరిగాయి, అరచేతులు కాయలు కాశాయి. సైటు మొత్తంలో ఆమెతో సమానంగా బస్తాలు ఎత్తేవాడు లేకపోయాడు. రాజేశం మీసం మెలేశాడు.

"జూసిన్రా? తల్లి చెడగొట్టిందాన్ని పని బాగుజేస్తది."

ఆర్నెల్లు నిండిన రోజు సృజన వచ్చి ఎదురుగా నిలబడింది.

"బాపూ, బస్తా ఎత్తితె మొగోనివైతవంటివి. ఎత్తిన. గాలే. నన్ను అమ్మ కాడికి తోలు."

గదిలో ఒక్కరూ నవ్వలేదు. నవ్వి ఉంటే రాజేశం ఊరుకునేవాడేమో. అందరూ జాలిగా తలలు దించుకునేసరికి ఒళ్లు మండింది.

వీసా ఇచ్చిన అరబ్బు యజమాని, కఫీల్‌కు ఎడారిలో గొర్రెల మంద ఉంది. కాపలాకు మనిషి కావాలని ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. "మావోన్ని తీస్కపో" అన్నాడు రాజేశం.

పక్క మంచం యాదగిరి అడ్డుపడ్డాడు. "వద్దు రాజన్నా. ఆడ వారానికోపారి నీళ్లొస్తయి. ఈ ఎండలకు పోరడు సస్తడు."

"సావనియ్. లేకుంటె మొగోడై వస్తడు."

పాస్‌పోర్టు ఎలాగూ కఫీల్ దగ్గరే ఉంది. ఫోను రాజేశం లాక్కున్నాడు. పికప్ వెనక ఎక్కుతూ, "మాటిస్తివి గద బాపూ" అంది సృజన. ఇచ్చిన మాట ఎవరికి గుర్తు? "పోనియ్ పోనియ్" అని బండిని చేత్తో తట్టాడు రాజేశం.

పన్నెండో రోజున కఫీల్ డ్రైవరు ఫారూఖ్ కబురు మోసుకొచ్చాడు. మంద దగ్గర మనిషి లేదు. నాలుగు రోజులైంది. నీళ్ల క్యాను గుడారంలోనే ఉంది. ఎటు నడిచిపోయిందో తెలియదు. వెతకడానికి వెళ్లిన బండి ఉత్తదే తిరిగొచ్చింది.

జులై నెల. ఎడారిలో నాలుగు రోజులంటే ఏమిటో ఆ గదిలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. అందరూ రాజేశం వైపే చూశారు.

"నన్నెందుకు జూస్తరు? నేనేం జేసిన?" అని అరిచాడతను. "జేసిందంత దాని తల్లి!"

ఫోన్‌లో మసగ్గా ఉందని, నిన్ననే ఊరి నుంచి వచ్చిన భూషణం చేత అసలు ఫొటోనే తెప్పించుకున్నాడు. గబగబా కవరు చింపాడు. బొమ్మ వాళ్ల వైపు తిప్పి, రెండు చేతులతో తన ముఖానికి ఎదురుగా ఎత్తి పట్టుకున్నాడు.

"జూడుండ్రి! మంచిగ జూసి చెప్పుండ్రి, తప్పెవ్వలదో!"

వాళ్లంతా బొమ్మను చూస్తుండగా, తనవైపు తిరిగిన ఫొటో వెనక పాత సిరాలో తన తండ్రి చేతిరాత రాజేశానికి కనిపించింది: "చి. రాజేశం, పుట్టెంట్రుకల నాడు, 1981."