చెల్లెలి కార్డు

“నాకంటే నాలుగు నిమిషాలు ముందు పుట్టావుగా, ఈ ఒక్కసారికి గట్టెక్కించవే అక్కా!”

కుట్టుమిషను మీంచి చెల్లెలు తలెత్తలేదు. రేపు పొద్దుటికల్లా బడికి అరవై యూనిఫారాలు అందాలి. ఆసుపత్రిలో చెకప్పేమో ఇవాళే. కడుపులో కవలలు, మూడో నెల.

“కడుపు నీది, చెకప్పు నాకా? బుద్ధుందా?” అంది అక్క.

“బరువు చూస్తారు, బీపీ చూస్తారు, పంపేస్తారు. వెళ్లకపోతే ఆ నర్సమ్మ మా ఆయనకి ఫోన్ చేసి నా కొంప ముంచుతుంది. మనిద్దర్నీ కన్నతల్లే పోల్చుకోలేదు, వాళ్లేం పోలుస్తారే!”

చెల్లెలి మాట కాదనడం అక్కకు పుట్టాక ఒక్కనాడూ చేతకాలేదు. కార్డు పట్టుకుని బయల్దేరింది.

నర్సు బరువు చూసి బుగ్గలు నొక్కుకుంది. “ఇద్దర్ని మోస్తూ మూడు కిలోలు తగ్గావేంటమ్మా?”

“వేవిళ్లు” అని గొణిగింది అక్క. అక్కడిదాకా నాటకం బాగానే నడిచింది. తీరా డాక్టరమ్మ “ఇవాళ స్కాన్, పడుకో” అనేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి.

డాక్టరమ్మ ఆమె పొట్ట మీద పరికరం తిప్పింది. మళ్లీ తిప్పింది. ఆమె మొహంలో నవ్వు కాస్తా ఆరిపోయింది.

“రెండో బిడ్డ కనబడ్డం లేదమ్మా” అంది మెల్లగా.

ఈ మాట కార్డులోకెక్కితే చెల్లెలు బతుకుతుందా! అక్క దిగ్గున లేచి కూర్చుంది.

“అయ్యో, నేను అది కాదు డాక్టరమ్మా! దాని అక్కని. అది యూనిఫారాలు కుడుతోంది, పిల్లలిద్దరూ దాని కడుపులో నిక్షేపంగా ఉన్నారు. నాకు పెళ్లై తొమ్మిదేళ్లైనా ఏమీ లేదు!”

డాక్టరమ్మకు ఒళ్లు మండింది. “ఇదేమైనా సినిమా టికెట్ల క్యూనా, ఒకరి బదులు ఒకరు నిలబడ్డానికి? కవలలు ఒకే మాయ పంచుకుంటున్నారా, వేరువేరా అన్నది తేల్చాల్సింది ఇప్పుడే. పంచుకుంటుంటే రెండు వారాలకోసారి చూడాలి. బీపీ చెప్పి రాదు, రక్తం తగ్గినా చెప్పి తగ్గదు. నిక్షేపంగా ఉన్నారని నువ్వెలా చెప్తావ్? గంటలో మీ చెల్లెలు ఇక్కడుండాలి!”

“చెవి పట్టుకుని లాక్కొస్తానమ్మా” అంటూ అక్క మంచం దిగబోయింది.

డాక్టరమ్మ ఆమె భుజం పట్టి మళ్లీ పడుకోబెట్టింది. పరికరం పొట్ట మీద ఆనించి, తెర ఆమె వైపు తిప్పింది. కోపం ఎటు పోయిందో ఏమో, నవ్వుతోంది.

“నువ్వెక్కడికి? ఏమీ లేదన్నావుగా, మరి ఈ టకటకా కొట్టుకుంటున్న బుల్లి గుండె ఎవరిదమ్మా?”