బెత్తెడు కింద

డైరెక్టరు టేపు సాగదీసి చూసింది. నమ్మకం లేక మళ్ళీ చూసింది.

బెత్తెడు కింద ఉంది.

మూడు గదులు, ఎనభై రెండు చిత్రాలు. ప్రతి చిత్రం మధ్యభాగమూ నేల నుంచి సరిగ్గా ఐదడుగుల ఎత్తున రావాలని ఆమె పెట్టిన నియమం. అన్నీ గీత గీసినట్టు వరసలో ఉన్నాయి. ఈ ఒక్కటి తప్ప. అదీ ఆహ్వానపత్రిక మీద అచ్చేసిన చిత్రం.

ఆరేళ్ళుగా మూతబడ్డ మ్యూజియం సాయంత్రం నాలుగింటికి తెరుచుకోబోతోంది.

"పెద్దాయనా!"

నిచ్చెన మడుస్తున్న ముసలాయన వచ్చాడు. నలభై ఏళ్ళుగా ఈ గోడలకు చిత్రాలు తగిలిస్తున్న మనిషి. అందరూ మేకుల మావయ్య అంటారు. నోట్లో ఎప్పుడూ రెండు మేకులుంటాయి కాబట్టి మాటలకు చోటుండదని ఆఫీసులో వేళాకోళం.

"ఇదేంటి?"

ఆయన మేకులు తీసి జేబులో వేసుకున్నాడు.

"చిత్రమమ్మా."

"అది నాకూ తెలుసు. కిందికెందుకుంది?"

"దాని ఎత్తు అదేనమ్మా."

"నిన్న సాయంత్రం నేను చూసినప్పుడు సరిగ్గానే ఉంది కదా!"

"పొద్దున దించాను."

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అరవై దాటినవాళ్ళందరినీ పంపించెయ్యమన్నాడు ఛైర్మన్. "పాతవాళ్ళుంటే పాత పద్ధతే ఉంటుంది, రాసిపెట్టుకోండి" అన్నాడు. ఈయనకు పూచీ నాది అని పదిమందిలో లేచి చెప్పింది ఆమె. తను ఈ ఉద్యోగంలోకి వచ్చి మూడు నెలలైంది. ఆ మాట పోతే ఇకపై తన మాట వినేవాళ్ళుండరు.

"అంటే నేను చూసి వెళ్ళేదాకా ఆగి మార్చారన్నమాట. దీని వెనక గోడకు రంగు కూడా వేయనివ్వలేదట. రంగులవాళ్ళు చెప్తే, పోనీలే, పెద్దాయన చాదస్తం అని ఊరుకున్నాను. పొద్దున నేను ఫోన్లో ఉంటే తలుపు పక్కన నిలబడమన్నారు. లైటు చూస్తున్నారేమో అని నిలబడ్డాను కూడా. మీరేం చెప్తే అది నమ్మాను కదండీ!"

ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతల ఆహ్వానపత్రిక తీశాడు.

"నిన్న ఇంటికెళ్ళాక దీని వెనక మీరు రాసింది చదివానమ్మా."

"ఊరంతా చదివింది. అయితే ఏంటి?"

"ఆ టేపు పక్కన పెట్టి, ఒక్కసారి దాని ముందు నిలబడండి. చాలు."

"నిలబడి చూసే తీరికుందా నాకిప్పుడు?"

వెనక నుంచి నవ్వు వినిపించింది. ఛైర్మన్.

"ఆ ఒక్కటీ జారిపోయిందేంటండీ? మీరు పూచీ పడ్డ మనిషేగా తగిలించింది?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఛైర్మన్ పక్క గదిలోకి వెళ్ళేదాకా ఆగింది.

"నమ్మించి గొంతు కోశారు పెద్దాయనా. ఇక రావద్దు. రేపట్నుంచి కాదు, ఇప్పుడే వెళ్ళిపోండి."

ఆయన చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టాడు. స్టోరు తాళంచెవి దాని పక్కన పెట్టాడు.

"దించేటప్పుడు ఇద్దరు పట్టాలమ్మా. బరువు."

వెనక గేటులోంచి వెళ్ళిపోయాడు. ఆమె అటు చూడలేదు. నమ్మినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మూడున్నరకు కింది హాలు నిండింది. ఛైర్మన్ మైకు అందుకుని ఆహ్వానపత్రిక వెనక ఆమె మాటలనే చదవడం మొదలుపెట్టాడు. పై గది దాకా వినిపిస్తోంది.

"మా అమ్మ ఈ మ్యూజియంలో నేల తుడిచేది. బడి వదిలాక నేను ఈ చిత్రం ముందు కూర్చునేదాన్ని. సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తిన ఈవిడ సూటిగా నా కళ్ళలోకే చూసేది. ఏడేళ్ళప్పుడూ అంతే, పన్నెండేళ్ళప్పుడూ అంతే. నేను ఎదిగేకొద్దీ మిగతా చిత్రాలన్నీ కిందికి దిగేవి. ఈవిడ మాత్రం నాతోపాటే ఎదిగేది. ఆ గదిలో మేమిద్దరం తప్ప ఎవరూ ఉండేవారు కాదు. చిత్రకారుడి మహిమ అంటే అది!"

చప్పట్లు మోగాయి.

"ఇంకో పావుగంటే ఉంది. తొందరగా పైకి జరపండి" అంది డైరెక్టరు.

ఎలక్ట్రీషియనూ వాచ్‌మనూ చెరోపక్కా పట్టి ఆ నాలుగడుగుల చిత్రాన్ని దించారు. వెనక తెల్లటి కొత్త గోడ మధ్య, పాత పసుపు గోడ అలాగే ఉంది.

"మేడమ్, ఇక్కడేదో రాసుంది" అన్నాడు వాచ్‌మన్.

పెన్సిలు గీతలు. చిన్నవి, అడ్డంగా, ఒకదాని పైన ఒకటి.

అన్నిటికన్నా కింది గీత ఆమె నడుముకు కాస్త పైన ఉంది. పక్కన గుండ్రటి అక్షరాలు. "ఎర్ర రిబ్బన్ల పిల్ల. ఏడేళ్ళు. కంటి ఎత్తు."

దాని పైన ఎనిమిదేళ్ళు. తొమ్మిది. పది. పదకొండు.

పన్నెండు దగ్గర ఇంకో ముక్క ఉంది. "వాళ్ళమ్మ పని మానేసింది. ఇక రాదేమో."

ఆ రిబ్బన్లు అమ్మ కట్టేది. ఆ గదిలో నిచ్చెన మీద ఎప్పుడూ ఎవరో ఒకాయన ఉండేవాడు. ఆయన ముఖం ఆమె ఒక్కసారి కూడా చూడలేదు.

"ఏమైంది మేడమ్? కింద పిలుస్తున్నారు."

ఆమె గోడకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

ఐదడుగులకు బెత్తెడు కింద, ఇవాళ్టి తేదీతో గీసిన కొత్త గీత సరిగ్గా ఆమె కళ్ళకు ఎదురుగా ఉంది, దాని పక్కన ఒకే ఒక్క మాట రాసి ఉంది. "వచ్చింది."