చీటీల పెట్టె

పెట్టెలో ఉన్న చేతిని ఆమె అలాగే ఒడిసి పట్టుకుంది.

ఆసుపత్రి ప్రార్థన గదిలో గోడకి కొట్టిన చిన్న చెక్కపెట్టె అది. బాధల్లో ఉన్నవాళ్లు దేవుడికి చీటీ రాసి అందులో వేస్తారు. వార్డులు తుడిచే మనిషి స్క్రూలు విప్పి, ఆ చీటీలు జేబులో కుక్కుకుంటున్నాడు.

"దేవుడి పెట్టెకే కన్నం వేస్తావా? లోపల డబ్బులుంటాయనుకున్నావా?"

అతను ఏదో చెప్పబోయాడు. ఆమె పక్కనే చక్రాల కుర్చీలో, కాలికి కట్టుతో ఉన్న ఎనిమిదేళ్ల పిల్లని చూసి ఆగాడు.

"మాట్లాడవేం?"

"దొంగతనానికేనమ్మా" అన్నాడు తలొంచుకుని.

సూపర్‌వైజరు కొట్టినంత పని చేసి, మధ్యాహ్నానికల్లా అతన్ని పనిలోంచి తీసేశాడు.

ఆమె మనసు కుదుటపడింది. ఆ పెట్టె జోలికి వస్తే ఊరుకుంటుందా మరి? రెండు నెలలుగా మంచాన పడ్డ కూతురు మళ్లీ నవ్విందంటే ఆ పెట్టె వల్లే.

"కిటికీ పక్క మంచం కావాలి" అని రాసింది పిల్ల. మర్నాడు స్కానింగు నుంచి వచ్చేసరికి మంచం కిటికీ పక్కనుంది. రంగు పెన్సిళ్లు అడిగితే దిండు కింద ఐదు దొరికాయి, సగం అరిగినవి. "పక్క మంచం మామ్మ గురక ఆపు" అంటే, పొద్దున్నే బల్ల మీద రెండు దూది ఉండలు.

"దేవుడికి కూడా మామ్మంటే భయమేనమ్మా!"

పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, ఆ పూట కంచం ఖాళీ చేసింది. ఆమె కూడా నమ్మింది. కష్టంలో ఉన్నవాళ్లు ఆరాలు తీయరు.

ఆ దొంగ గొడవ జరిగిన రెండు రోజులకి ఆపరేషన్ రోజు ఖాయమయ్యాక, పిల్ల మళ్లీ చీటీ వేసింది. "ఆ గదిలోకి అమ్మని రానివ్వరట. నువ్వొస్తావా? వస్తానని ఏదైనా గుర్తు పెట్టు."

రోజూ లేవగానే దిండు ఎత్తి చూసేది.

"నేనేం తప్పు చేశానమ్మా?"

"తప్పేం లేదు తల్లీ, తిను."

"ఆయనకి నేనంటే ఇష్టం పోయింది."

వారం తిరిగేసరికి ముద్ద ముట్టడం మానేసింది.

"ఇలాగైతే ఆపరేషన్ తట్టుకోలేదమ్మా" అన్నాడు డాక్టరు.

ఆమె చీటీ తీసుకుంది. "చిన్నపిల్లతో పంతమా నీకు? అసలు మనసుందా?" అని రాసి, విసవిసా ప్రార్థన గదికి వెళ్లింది.

చీటీ లోపలికి పోలేదు. పెట్టె మూతిదాకా నిండిపోయి ఉంది. వేలితో కుక్కితే రెండు చీటీలు కింద రాలాయి. ఒకటి కూతురిది.

"సిస్టర్, ఇవి ఎవరూ తీయట్లేదా?" అని అటుగా వెళ్తున్న నర్సుని అడిగింది.

"తాళంచెవి పోయి ఏళ్లయిందమ్మా. ఆ తుడిచే ఆయనే స్క్రూలు విప్పి తీసేవాడట. మాకూ నిన్ననే తెలిసింది. ఆయన సామాన్ల అర మేం ఖాళీ చేస్తుంటే మీ పాప చీటీలు దొరికాయి. కిటికీ, పెన్సిళ్లు, గురక... అన్నిటి మీదా 'అయింది' అని రాసుకున్నాడు."

ఆమె తను రాసిన చీటీని గుప్పిట్లో నలిపేసింది.

"ఎక్కడుంటాడు?"

"రోజుకూలీ మనిషి. చిరునామా ఎవరడిగారు?"

"మరి... దొంగతనమని ఎందుకు ఒప్పుకున్నాడు?"

నర్సు ఆమె ముఖంలోకి చూడలేక, రాలిన చీటీలు ఏరుతూ అంది.

"ఆ రోజు పాప పక్కనే వింటోంది కదమ్మా."