వంటమనిషి వాంగ్మూలం

తలుపు చప్పుడు కాగానే ఆవిడ పొయ్యి కట్టేసి, గోడ మీది ఫొటో తీసి మంచం కింద దాచేసింది. ఫొటోలో కూతురూ తనూ ఉన్నారు. ఇద్దరికీ గడ్డం మీద ఒకేలాంటి సొట్ట.

వచ్చిందెవరో ఆవిడకు తెలుసు. కూతురికి రక్షణశాఖ ప్రయోగశాలలో ఉద్యోగం ఖాయమైంది. ఏడేళ్లుగా పిల్ల దాని కోసమే నిద్ర కాచి చదివింది. ఇక మిగిలింది ఒక్కటే గండం. రహస్యాలు చేతికిచ్చేముందు వాళ్లు ఇంటి గుట్టంతా విచారిస్తారు. పరాయి దేశంలో చుట్టాలున్నవాళ్లను అంత తొందరగా నమ్మరు.

ఆవిడ మెట్టింది ఈ దేశంలో, పుట్టింది పక్క దేశంలో. పౌరసత్వం ఇప్పటికీ అక్కడిదే. తోడబుట్టిన తమ్ముడు అక్కడి సైన్యంలో ఉన్నాడు. కూతురు రెండుసార్లు ఈ మాట ఎత్తబోతే, "నాకేం చెప్పకు, నీ దారికి నేను అడ్డురాను" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. మొన్న ఆ పిల్ల ఫోన్లో ఎవరితోనో "నా భయమంతా మా అమ్మ గురించే" అనడం తలుపు చాటునుంచి విన్నది. అప్పట్నుంచి ముద్ద దిగడం లేదు.

తలుపు తీసింది.

"ఈ ఇంట్లో మీరు..." అన్నాడు ఆఫీసరు.

"వంటమనిషినండీ."

అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా! అందుకే ఆయన కుర్చీ చూపించినా కూర్చోలేదు. గడ్డం చేత్తో కప్పుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

ఆఫీసరు ఆవిడ మొహంలోకి చూశాడు. ఫొటో తీసేసిన చోట గోడ మీద మిగిలిన తెల్లటి మచ్చనూ చూశాడు.

"మరి అమ్మాయి తల్లిగారు?"

"పోయిందండీ. అమ్మాయిగారి చిన్నప్పుడే."

బతికుండగానే తన చావు కబురు తనే చెప్పింది మహాతల్లి.

"బాగా ఆలోచించుకుని చెప్పండమ్మా. నాకేం తొందర లేదు."

"ఇందులో ఆలోచించడానికేముందండీ? పాపం, తల్లి లేని పిల్ల."

లోపలి గదిలో ఫోను మోగింది. ఆగి మళ్లీ మోగింది.

"వెళ్లి తీయండి, నేను కూర్చుంటాను" అన్నాడాయన.

"ఇంటివాళ్ల ఫోను నేను ముట్టుకోనండీ."

మూడోసారి కూడా మోగి ఊరుకుంది. ఆయన నిట్టూర్చాడు. ఆవిడ చెప్పిందంతా రాసి, కాగితం ముందుకు జరిపాడు.

"ఇదంతా నిజమేనని సంతకం పెట్టాలి. ఇప్పటికైనా మార్చుకోవాలంటే మార్చుకోవచ్చు."

"చదువు రాదండీ."

ముప్పై ఏళ్లు బడిలో పిల్లల చేత అక్షరాలు దిద్దించిన మనిషి, బొటనవేలికి సిరా పూసుకుని ముద్ర వేసింది.

ఆయన అటు వెళ్లగానే స్నానాల గదిలో కుళాయి విప్పుకుని, ఆ చప్పుడు మాటున కరువుతీరా ఏడ్చింది. సబ్బు పెట్టి ఎంత రుద్దినా సిరా వదల్లేదు. పోనీలే అనుకుని మొహం కడుక్కుని, ఫొటో తీసి మళ్లీ గోడకు తగిలించింది.

కూతురు చెప్పులు కూడా విప్పకుండా పరిగెత్తుకొచ్చింది.

"ఫోనెందుకు తీయలేదమ్మా? ఆయన వచ్చారా?"

"వచ్చాడు, వెళ్లాడు. ఇక నీకే అడ్డూ లేదు తల్లీ! నేను వంటమనిషినన్నాను. మీ అమ్మ ఎప్పుడో పోయిందన్నాను. ఇదిగో, వేలిముద్ర కూడా వేసిచ్చాను."

గర్వంగా బొటనవేలు చూపించింది. కూతురు ఆ వేలు రెండు చేతులతో పట్టుకుని నేల మీద కూలబడిపోయింది.

"నీ గురించీ మామయ్య గురించీ మొదటి పేజీలోనే రాసిచ్చానమ్మా, ఇంత నిజాయితీ ఉన్న పిల్లని వదులుకోము, మీ అమ్మగారితో ఒక్క మాట మాట్లాడి ఇవాళే నీ ఉద్యోగం కాగితాల మీద సంతకం పెట్టేస్తానని నాతో చెప్పే ఆయన ఇక్కడికి బయల్దేరారు."