తడి గోనె డబ్బా

"ఏయ్! చేపల డబ్బా లోపలికి తేవద్దు!"

కాలనీ పెద్ద కొండల్‌రావు అరిస్తె మానేరు డ్యామ్ మీది కొంగలు లేస్తయని కాలనీల చెప్పుకుంటరు. ఆ పొద్దు కొంగల సంగతేమో గానీ, ఫంక్షన్‌హాల్ల టీకా కోసం కూసున్న ముప్పైమంది ముసలోళ్లు ఉలిక్కిపడి లేసిండ్రు.

గడపకాడ ఒక ముసలామె. గోచి పోసి కట్టిన చీర. నెత్తిమీద తడి గోనెపట్టా చుట్టిన డబ్బా. నీళ్లు కారుతున్నయి.

"చేపలు కాదు సారూ, జర నా మాట..."

"నీ మాట నాకెందుకు? పెద్దమనుషులు ఫ్లూ టీకాలకు కూసున్నరు. మార్బుల్ పాడు చేస్తున్నవ్!"

ఆమె దగ్గింది.

"అగో, దగ్గు గూడ! ఎక్కడిదానివి?"

"మగ్గాల గల్లీల ఉంట."

"గా గల్లీ రోగాలన్నీ మోసుకొచ్చినవా? పోయినేడు గీ ఫ్లూతోనే మా ఆమెకు పదిరోజులు ఆక్సిజన్ పెట్టిండ్రు. నడువ్ బయటికి!"

"ఆమె ఏం చెప్తదో ఇనరాదుండ్రి" అన్నది పక్క కుర్చీల ఆయన పెండ్లాం సరళాదేవి.

"నువ్వు మాస్క్ మీదికి గుంజుకో."

ముసలామె డబ్బా దిక్కు చూసింది, ఎండ దిక్కు చూసింది.

"మంచు ఆగదు సారూ. నీ ఇష్టం."

గంటైంది. టీకాలు రాలే. కొండల్‌రావు దవాఖానకు ఫోన్ కొట్టి నర్సు ప్రవళిక మీద లేసిండు.

"పొద్దున్నే పంపినం కద సార్! సక్కుబాయమ్మ తెస్తుంది. జైనూర్ గుట్టలల్ల ముప్పై ఏండ్లు టీకాలేసిన నర్సమ్మ. రిటైరైనా ఉత్తగనే వచ్చి ఏస్తది. లోపలి మంచు కరగకుండ డబ్బాకు తడి గోనె చుట్టుడు ఆమెకు గుట్టల కాడి అలవాటు."

కొండల్‌రావు గడపకాడి తడి మరక దిక్కు చూసి, "మరి ఇప్పుడు యాడికి పోయింది?" అన్నడు.

"మీ కాలనీ అయినంక మిగిల్తెనే మగ్గాల గల్లీకి పొమ్మన్నం. ముందుగాల మాకే అని కొట్లాడింది మీరే కద సార్?"

పెండ్లాన్ని కారుల ఎక్కిచ్చుకొని ఉరికిండు.

మగ్గాల గల్లీల, ఐలవ్వ అనే ముసలామె ఇంటి అరుగు మీద డబ్బా. చుట్టూ అంగిచేతులు మడిచిన ముసలోళ్లు. నెరిసిన నెత్తులల్ల నూలు దుమ్ము.

"చేపలు ఒడిసినయి సారూ" అన్నది సక్కుబాయి, తల ఎత్తకుంటనే.

"మా కాలనీ పేరుమీద వచ్చిన టీకాలు! ఎవలనడిగి వీళ్లకు ఏసినవ్?"

"మీరు నడువుమన్నరు. వీళ్లు రమ్మన్నరు. మంచు కరిగినంక అవి ఎవలకు పనికొస్తయి?"

"రేపే నీ మీద కంప్లైంట్ ఇస్త!"

"ఇయ్యి. కారుల అమ్మ ఉన్నదా? పిలువు. ఒక్కటున్నది."

ఐలవ్వ, "అక్కా, గది..." అనబోయింది. సక్కుబాయి కన్నుతోనే ఆపింది.

సరళాదేవికి సూది పడ్డది.

"అంటే ఒకటి దాచిపెట్టుకున్నవన్నట్టు! ఏ సుట్టం కోసమో?" కొండల్‌రావు ఎకసెక్కం ఆగలే.

సక్కుబాయి టీకాల పేర్ల కాయితంల ఏదో రాసి ఐలవ్వకిచ్చి, ఖాళీ డబ్బా నెత్తికెత్తుకొని, దగ్గుకుంట గల్లీ మలుపు తిరిగింది.

"తే, చూస్త! ఎవలెవలకు ఏసిందో అంతా బయటపెడ్త!"

కొండల్‌రావు కాయితం గుంజుకున్నడు. ఆఖరి గీతల "సరళాదేవి" అనే పేరు తడి ఇంకా ఆరలే, దాని కింద కొట్టేసిన అక్షరాలు మాత్రం సాఫ్ కనబడుతున్నయి: "సక్కుబాయి, డెబ్బై ఒక్క ఏండ్లు, దమ్ము రోగం."